కాణిపాకంలో ప్రమాణం చేసినవాడు బ్యూప్రినార్ఫిన్ వేసుకోవచ్చా? తమ్ముడి చికిత్స గురించి సలహా కావాలి

కొర్లగుంట అక్క — సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా తమ్ముడికి 29 ఏళ్లు. అలిపిరి నుంచి కొండపైకి టాక్సీ తోలేవాడు. రెండేళ్ల కిందట రేణిగుంట రోడ్డులో బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే పుత్తూరుకు తీసుకెళ్లి కట్టు కట్టించాము. ఎముక చక్కగానే అతుక్కుంది. నొప్పి తగ్గడానికని స్నేహితుడొకడు తెచ్చిచ్చిన టపెంటడాల్ మాత్రలు మాత్రం వాడిని వదలలేదు. రోజుకు రెండు మాత్రలతో మొదలైనది పదిహేను దాకా పోయింది. మాత్ర దొరకని రోజున వరుసగా ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కాళ్లు లాగడం, విరేచనాలు. మొదట్లో మేము విషజ్వరమనుకున్నాము.

సంక్రాంతి వెళ్లిన వారానికి మా అమ్మ వాడిని కాణిపాకం తీసుకెళ్లి, స్నానం చేయించి, స్వామి ఎదుట "ఇక మత్తు మందు ముట్టను" అని ప్రమాణం చేయించింది. తొమ్మిది రోజులు నిలబడ్డాడు. పదో రోజు మళ్లీ మాత్రలు మింగి, ఒట్టు తప్పానన్న భయంతో నెలరోజులు ఇంట్లో ఎవరి ముఖమూ చూడలేదు. చివరికి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే బ్యూప్రినార్ఫిన్, నలాక్సోన్ కలిసిన మాత్రను నాలుక కింద పెట్టుకొమ్మని రాశారు. ఐదు వారాలైంది. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, నాతో మాట్లాడుతున్నాడు.

ఇదీ నల్లమందు జాతి మందేనని మా చిన్నాన్న ఎక్కడో చదివి అమ్మ చెవిన వేశాడు. స్వామి ఎదుట చేసిన ప్రమాణాన్ని వీడు రోజూ పొద్దున్నే మా కళ్ల ముందే తప్పుతున్నాడని అమ్మ బాధ. పోయిన వారం రెండు రోజులు మాత్రలు దాచిపెట్టింది కూడా. ఇది నిజంగా ఒక మత్తు బదులు ఇంకో మత్తేనా? ఎంతకాలం వాడాలి? తెలిసినవారు చెప్పండి.

గ్రీమ్స్‌పేట బాబాయి — సోమవారం, రాత్రి 10:05

అమ్మా, మాది చిత్తూరు. కాణిపాకం మాకు కూతవేటు దూరం. మా బావమరిది పదకొండేళ్ల కిందట అక్కడ ప్రమాణం చేసి సారా మానేశాడు. ఈ రోజు వరకు చుక్క ముట్టలేదు. కాబట్టి ప్రమాణాన్ని తేలిగ్గా తీసేయకండి. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు గానీ, రెండో ముల్లు కాలిలోనే విరిగిపోతే ఏం చేస్తామో ఎవరూ చెప్పరు. షుగరు మాత్ర లాంటిదే ఇది కూడా అని డాక్టర్లు పోలుస్తారు, నేను విన్నాను. షుగరు మాత్ర వేసుకున్నందుకు ఎవరి ఇంట్లోనూ గిన్నెలు అమ్ముడుపోలేదు. మీ అమ్మగారి భయంలో అర్థముంది.

మందుల కొట్టు — సోమవారం, రాత్రి 10:48

తిలక్ రోడ్డు పక్క సందులో పద్దెనిమిదేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. చిక్కంతా మన మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. జ్వరానికి వేసేదీ మందే, సీసాలో తాగేదీ మందే, పొలానికి కొట్టేదీ మందే, టపాకాయలో కూరేదీ మందే. ఆ అబ్బాయి స్వామి ఎదుట "మత్తు మందు" అన్నప్పుడు అతని మనసులో ఉన్నది ఆ పదిహేను మాత్రలే గదా.

మరో సంగతి. ఇదంతా పంజాబు వాళ్ల రోగమని మనవాళ్లు అనుకుంటారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వారు చేసి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం, దేశంలో నల్లమందు జాతి పదార్థాలు వాడేవారు 10 నుంచి 75 ఏళ్ల లోపు జనాభాలో 2.06 శాతం, అంటే 2 కోట్ల 26 లక్షల మంది. హెరాయిన్ 1.14 శాతమైతే, మా దుకాణాల అరల్లో ఉండే నొప్పి మాత్రలు, దగ్గు మందుల వాటా 0.96 శాతం. హెరాయిన్‌కు దాదాపు పక్కనే నిలబడింది మా సరుకు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రను 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కిందకు తెచ్చాక దాని లెక్కలు గట్టిపడ్డాయి. వెంటనే అడిగేవాళ్లు టపెంటడాల్ పేరు నేర్చుకొని వచ్చారు. చీటీ లేకుండా ఇచ్చిన దుకాణాలు ఉన్నాయి. నా పాత లెక్కల పుస్తకం తిరగేస్తే నాకే సిగ్గేసే పేజీలు కొన్ని ఉన్నాయి.

సైకియాట్రీ పీజీ — మంగళవారం, ఉదయం 6:30

రాత్రి డ్యూటీ ముగించుకొని రాస్తున్నాను. నేను ఆ అబ్బాయిని చూడలేదు కాబట్టి మోతాదుల గురించి ఇక్కడ ఒక్క అంకె కూడా చెప్పను. మందు ఎలా పని చేస్తుందో మాత్రం చెబుతాను.

టపెంటడాల్, ట్రమడాల్, హెరాయిన్ లాంటివి మెదడులో మ్యూ గ్రాహకాలనే చోట్ల కూర్చుంటాయి. ఎక్కువ వేసుకున్నకొద్దీ మత్తు ఎక్కువవుతుంది, ఒక హద్దు దాటితే ఊపిరి ఆగుతుంది. బ్యూప్రినార్ఫిన్ కూడా అక్కడే కూర్చుంటుంది. మీ చిన్నాన్నగారు చదివినది అబద్ధం కాదు. అయితే అది ఆ చోటును గట్టిగా పట్టుకుంటుంది గానీ సగం పనే చేస్తుంది. మోతాదు పెంచినా ఒక స్థాయి దాటి ప్రభావం పెరగదు. చాలా నెమ్మదిగా వదులుతుంది కాబట్టి రోజుకు ఒక్కసారి సరిపోతుంది. ఫలితంగా విరమణ బాధ, అంటే మత్తు ఆపినప్పుడు ఒంటికి కలిగే బాధ ఉండదు, ఆరాటం తగ్గుతుంది, పైన వేరే మాత్ర మింగినా అది కూర్చోవడానికి చోటు దొరకదు. పక్కనున్న నలాక్సోన్ నాలుక కింద పెట్టుకుంటే పెద్దగా ఒంటికి పట్టదు. ఎవరైనా ఆ మాత్రను కరిగించి సూదితో ఎక్కించుకోబోతే మాత్రం అది అడ్డుపడి విరమణ బాధ తెప్పిస్తుంది.

మొదటి మాత్రకు ముందు మీ తమ్ముణ్ణి పాత మాత్రలు ఆపి, ఆవలింతలు, వణుకు మొదలయ్యేదాకా ఆగమని ఉంటారు. అది శిక్షించడానికి కాదు. పాత మందు ఇంకా గ్రాహకాల మీద ఉండగా దీన్ని ఇస్తే, ఇది దాన్ని ఒక్కసారిగా నెట్టేస్తుంది. అప్పుడు వచ్చే బాధ మామూలుగా వచ్చేదానికంటే తీవ్రంగా ఉంటుంది.

ఇక బాబాయిగారి రెండో ముల్లు. స్వీడన్‌లో హెరాయిన్‌కు అలవాటుపడిన 40 మందితో చేసిన ఒక పరీక్ష 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సగం మందికి ఏడాది పాటు రోజూ బ్యూప్రినార్ఫిన్ ఇచ్చారు. మిగతా 20 మందికి ఆరు రోజుల్లో తగ్గించి ఆపేసి, తర్వాత ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కౌన్సెలింగ్ అందరికీ ఒకటే. ఏడాది తిరిగేసరికి మొదటి గుంపులో నాలుగింట మూడు వంతుల మంది చికిత్సలో ఉన్నారు. రెండో గుంపులో ఒక్కరూ మిగల్లేదు. వారిలో నలుగురు చనిపోయారు. ఆ నలుగురిలో సంకల్పం తక్కువైందని అనడానికి నాకు నోరు రాదు.

గ్రీమ్స్‌పేట బాబాయి — మంగళవారం, ఉదయం 8:15

డాక్టరుగారూ, చనిపోవడం దేనికి? మానేసినవాడు ఆరోగ్యంగా ఉండాలి గదా. ఇది నాకు అర్థం కాలేదు.

పేరు వద్దు — మంగళవారం, మధ్యాహ్నం 2:20

దానికి జవాబు నేను చెబుతాను. నేను ఒక తల్లిని. చంద్రగిరి దగ్గర ఉంటాము.

మా పెద్దవాడిని నాలుగేళ్ల కిందట ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చాము. ఎక్కడో చెప్పను, ఇప్పుడు చెప్పినా ప్రయోజనం లేదు. నలభై రోజులు గదిలో ఉంచారు. మందులేవీ ఇవ్వమని, మందుతో మాన్పించడం మాన్పించడమే కాదని, తమది శుద్ధమైన పద్ధతని చెప్పారు. మేమూ మురిసిపోయాము. వాడు ఇంటికి వచ్చిన రోజు ముఖం తేటగా ఉంది. నేను పప్పూ అన్నమూ కలిపి పెడితే మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆ కేంద్రంవారు చేతికిచ్చిన కాగితం మీద "పూర్తిగా నయమైనది" అని రాసి ముద్ర వేశారు.

ఐదో రోజు రాత్రి పాత స్నేహితులు కలిశారు. వాడు నలభై రోజుల ముందు ఎంత వేసుకునేవాడో అంతే వేసుకున్నాడు, అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ కాదు. అప్పుడు తట్టుకున్న ఒళ్లు ఆ రోజు తట్టుకోలేదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెట్టి, "అమ్మా, అలవాటు ఆపిన కొద్ది రోజులకే ఒంటికి ఆ తట్టుకునే శక్తి పోతుంది, బుర్రకు మాత్రం పాత లెక్కే గుర్తుంటుంది" అని చెప్పారు. ఆ మాట నాకు నలభై రోజుల ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కొర్లగుంట అక్కా, మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి. ఆ మాత్రలు దాచవద్దు.

కొర్లగుంట అక్క — మంగళవారం, రాత్రి 8:40

అమ్మా, మీ మాటలు అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ పిల్లోడికి ఎన్నేళ్లు?" అని మాత్రం అడిగింది.

మాత్రలు దాచిన రెండు రోజుల సంగతి చెప్పాలి. మొదటి రోజు వాడికి ఏమీ కాలేదు. "చూశావా, అవసరమే లేదు" అంది అమ్మ. రెండో రోజు రాత్రి రెండు గంటలకు వాడు వసారాలో నడుస్తుంటే మెలకువ వచ్చింది. కాళ్లు నిలవడం లేదక్కా అన్నాడు. చొక్కా తడిసిపోయి ఉంది. బైకు తాళాల కోసం వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. ఎక్కడికి పోవాలనుకున్నాడో అడగలేదు. నేనే బీరువా పైనుంచి మాత్ర తీసిచ్చాను. అది తప్పు కాదు గదా?

ఇంకో రెండు సందేహాలు. వాడు మళ్లీ ఘాట్ రోడ్డులో బండి తోలవచ్చా? మాత్రతో పాటు నిద్ర మాత్ర కూడా వేసుకోవచ్చునని తెలిసినవారొకరు అంటున్నారు, అది సరేనా?

సైకియాట్రీ పీజీ — మంగళవారం, రాత్రి 11:10

ఆ రెండు రోజుల్లో వేరే మత్తు మాత్ర ఏదీ వేసుకోకపోతే మీరు చేసినది సరైనదే. వేసుకొని ఉంటే మాత్రం, మళ్లీ మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పి తీరాలి. కారణం పైన రాశాను. ఈ మందు రక్తంలో ఒక రోజుకు పైగా నిలుస్తుంది కాబట్టే మొదటి రోజు ఏమీ తెలియలేదు.

నిద్ర మాత్ర డాక్టరు రాయకుండా వద్దే వద్దు. బ్యూప్రినార్ఫిన్ ఒక్కదానితో ఊపిరి ఆగడం పెద్దవాళ్లలో అరుదు. దానికి ఆల్ప్రజోలం లాంటి మాత్రో, సారాయో తోడైతే ఆ భరోసా పోతుంది. బండి విషయానికొస్తే, మోతాదు కుదురుకునేదాకా, తూగు లేదని మీ డాక్టరు చూసి చెప్పేదాకా స్టీరింగ్ పట్టకూడదు. కుదురుకున్నాక చాలామంది మామూలుగా పనిచేసుకుంటారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో భక్తులను ఎక్కించుకొని వెళ్లేవాడు కాబట్టి, నేనైతే ఇంకొంచెం ఎక్కువే ఆగమంటాను.

ఎంతకాలం అన్న ప్రశ్నకు తారీఖు చెప్పలేను. నెలల లెక్క కాదు, కనీసం ఏడాది అనుకోండి. చాలామందికి అంతకంటే ఎక్కువ. ఆపేటప్పుడు కూడా కొద్దికొద్దిగా, డాక్టరు చూస్తుండగా తగ్గిస్తారు. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే ఇద్దరు వైద్యులు మెథడోన్ అనే ఇలాంటి మరో మందుతో ఈ దారి వేసింది 1960లలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మెథడోన్‌నూ బ్యూప్రినార్ఫిన్‌నూ అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

వార్డు బాయ్, పాతవాడు — బుధవారం, ఉదయం 10:00

నేను ఒక నర్సింగ్ హోంలో పనిచేస్తూ పెంటజోసిన్ అనే నొప్పి ఇంజక్షన్లకు అలవాటుపడినవాడిని. ఆ ఊరి పేరూ ఆసుపత్రి పేరూ అనవసరం. చేతులపై మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కాయే వేసుకుంటాను.

డాక్టరుగారు చెప్పని ఇంటి విషయాలు నేను చెబుతాను. మాత్ర పెట్టుకునే ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకుంటే త్వరగా కరుగుతుంది. కరిగేదాకా, అంటే ఐదు పది నిమిషాలు, మాట్లాడకూడదు, మింగకూడదు. మింగితే కడుపులోకి పోయి చాలావరకు వృథా. మొదట్లో నేను ఫోనుకు జవాబిస్తూ మింగేసి, మందు పనిచేయడం లేదని డాక్టరుతో పోట్లాడాను. పూర్తిగా కరిగాక నీళ్లు పోసుకొని పుక్కిలించాలి, గంటసేపు పళ్లు తోమకూడదు. పళ్లు పాడవుతున్నాయని 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా. నాకు అప్పటికే రెండు దవడ పళ్లు పోయాయి. మలబద్ధకం తప్పదు, ఈసబ్‌గోలు, అరటిపండు, చెంబుడు నీళ్లు. చెమట ఎక్కువ పడుతుంది. వీటికి భయపడి ఆపవద్దు.

నేను నాల్‌ట్రెక్సోన్ కూడా చూశాను. అది గ్రాహకాలకు తాళం వేసే మందు, అందులో మత్తు అసలే లేదు. వినడానికి మీ అమ్మగారికి బాగా నచ్చుతుంది. అయితే మొదలుపెట్టడానికి ముందు వారం పది రోజులు ఒళ్లు పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఆ వారమే మావంటి వాళ్లకు దాటరాని ఏరు. పైగా ఒక రోజు మాత్ర మానేస్తే ఒళ్లు ఏమీ అనదు, కాబట్టి మానేయడం తేలిక. నేను నెలకే మానేసి మళ్లీ సూదికి పోయాను. కొందరికి, ముఖ్యంగా ఇంట్లో దగ్గరుండి మింగించే మనిషి ఉన్నవారికి, అదే మేలు చేయవచ్చు. బ్యూప్రినార్ఫిన్‌తో నాకు ఇది నాలుగో ఏడు. మోతాదు సగానికి తగ్గింది. పూర్తిగా ఎప్పుడు మానతావని అడిగేవారికి, మీరు నన్ను పనిలో పెట్టుకుంటారా అని ఎదురు ప్రశ్న వేస్తున్నాను.

కోర్టు వీధి — బుధవారం, సాయంత్రం 5:35

న్యాయవాదిగా కొద్ది మాటలు. బ్యూప్రినార్ఫిన్ ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోని మందే కాబట్టి, ఆ అబ్బాయి బయటకు వెళ్లేటప్పుడు వైద్యుడి చీటీ దగ్గర ఉంచుకోవాలి. అదే 1985 చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది; వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే, కొద్దిపాటి పదార్థానికి సంబంధించిన కేసులోనో వాడకం కేసులోనో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇక, గదిలో బంధించడం, గొలుసులు వేయడం చికిత్స అని ఏ కేంద్రమైనా చెబితే నమ్మవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వ్యసనాన్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది, గొలుసులను నిషేధించింది. చంద్రగిరి తల్లిగారికి ఇంతకంటే ఏమీ చెప్పలేకపోతున్నందుకు క్షమించండి.

గ్రీమ్స్‌పేట బాబాయి — బుధవారం, రాత్రి 9:50

రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. చంద్రగిరి అమ్మగారి రాత చదివాక నా మొదటి మాటలు నాకే ముల్లులా ఉన్నాయి. అయినా ఒకటి అంటాను. సారాకు పనికొచ్చిన ప్రమాణం దీనికి పనికిరాదని మీరంతా అంటున్నారు. మా బావమరిది కూడా ఒట్టి చేతులతో మానలేదు. మొదటి వారం చేతులు వణికి, లేనివి కనబడితే వేలూరు ఆసుపత్రిలో ఉంచి మందులిచ్చారు. ఇంట్లో ఆ కథ చెప్పేటప్పుడు మేము కాణిపాకమే చెబుతాము, వేలూరు చెప్పము. ఈ రోజు భోజనాల దగ్గర మా చెల్లెలే గుర్తుచేసింది.

పుత్తూరు కట్టు కట్టించుకున్నవాడే గదా మీ తమ్ముడు. ఎముక అతికేదాకా వెదురు బద్దలు విప్పమని ఎవరూ అడగరు, ఇదీ అంతే అనుకోండి.

సైకియాట్రీ పీజీ — బుధవారం, రాత్రి 10:20

బాబాయిగారూ, పోలిక బాగుంది గానీ ఒక చోట కుదరదు. ఎముక అతికిందో లేదో ఎక్స్‌రేలో కనబడుతుంది. మాకు అలాంటి ఫిల్మ్ లేదు. నిద్ర, పని, అప్పులు, ఎవరితో తిరుగుతున్నాడు, అప్పుడప్పుడు మూత్ర పరీక్ష, ఇవన్నీ చూసి అంచనా వేయాలి. అందుకే తొందరపడవద్దంటాము.

కొర్లగుంట అక్క — పద్దెనిమిది రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 7:30

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. మూడుసార్లు డాక్టరు దగ్గరకు వెళ్లి వచ్చాము, రెండుసార్లు అమ్మ కూడా వచ్చింది. వారానికి సరిపడా మాత్రలు ఇస్తున్నారు. ఇప్పుడు అమ్మే రోజూ పొద్దున ఒక మాత్ర తీసిచ్చి, కాఫీ చల్లారిపోతున్నా సరే ఎదురుగా కూర్చొని, చివర్లో "నోరు తెరువు" అంటుంది. వాడు చిన్నప్పటిలా నాలుక పైకెత్తి చూపిస్తాడు. మాత్రల పొట్లం వంటింట్లో పోపుల డబ్బా వెనక పెడుతోంది, అక్కడైతే తనకు తెలియకుండా ఎవరూ తీయరని.

మందుల కొట్టు — ఆదివారం, రాత్రి 7:52

అక్కా, మీ ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నారా? ఉంటే ఆ పొట్లాన్ని ఈ రాత్రే అక్కడి నుంచి తీసేయండి. పెద్దవాడికి పని చేసే ఒక్క మాత్ర మూడేళ్ల పిల్ల నోట్లో పెట్టుకుంటే ఊపిరి ఆగవచ్చు. తాళం ఉన్న చోట పెట్టండి.

కొర్లగుంట అక్క — ఆదివారం, రాత్రి 8:15

నాకు నాలుగేళ్ల కూతురుంది. బీరువా లాకరులో పెట్టి తాళం అమ్మ కొంగుకు కట్టాము. చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు.

ప్రమాణం సంగతి అడుగుతారని తెలుసు. పోయిన బుధవారం అమ్మ, తమ్ముడు, నేను పొద్దున బస్సుకు మళ్లీ కాణిపాకం వెళ్లాము. వాడిని ఈసారి ఏమీ అనమని చెప్పలేదు. వాణ్ణి నా పక్కన నిలబెట్టి, అమ్మ ఒక్కతే ముందుకు వెళ్లి చాలాసేపు నిలబడింది. ఏం చెప్పుకుందో మాకు చెప్పలేదు. తిరుగు బస్సులో వాడు నిద్రపోతే తల తన భుజానికి ఆనించుకొని కూర్చుంది. డాక్టరు మళ్లీ వచ్చే గురువారం రమ్మన్నారు.